ఫోన్ పెట్టని మనిషి

మోసపోయినవాళ్ళ కథలు చెప్పుకుని నవ్వే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న గోవింద్‌పూర్‌లో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలు నా పక్కనే కూర్చుని ఒకటే పకపకలు. వాళ్ళలో ఒకమ్మాయి పెదనాన్న కంప్యూటర్ మీద ఎర్ర అక్షరాలు కనబడితే బెదిరిపోయి, అక్కడ రాసి ఉన్న నంబరుకి ఫోన్ చేసి, అవతలివాడు చెప్పినట్టల్లా చేశాడట. అంత తెలివితక్కువవాళ్ళు కూడా ఉంటారా ఆంటీ అని నన్నే అడిగింది. విస్తరి ముందు కోపమెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నాను. అమ్మాయిలూ, కాస్త నవ్వాపి వినండి.

నా చివరి ఉద్యోగం పర్సుడీహ్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో. ఎక్కువగా కాన్పులే వచ్చేవి. ముందు కౌంటరు, వెనక లేబర్ రూము, మధ్యలో ఇరుకు వసారా. యజమానీ, డాక్టరూ ఒక్కరే. ఆవిడని డాక్టరమ్మ అనేవాళ్ళం. సిస్టర్లలో పెద్దదాన్ని నేను. నోటి దురుసులో కూడా నేనే పెద్దదాన్నని వెనకాల అనుకునేవారు, అది నాకు తెలుసు.

కౌంటర్‌లో ఉండే ఆయన్ని అందరం అన్నయ్య అని పిలిచేవాళ్ళం. వాళ్ళ పెద్దలది శ్రీకాకుళం వైపు, తను మాత్రం ఇక్కడే, ఈ హిందీ మాట్లాడే కార్ఖానాల ఊళ్ళోనే పుట్టి పెరిగాడు. ఒక కార్ఖానాలో గ్యాస్ కంట్రోల్ రూములో పనిచేసి, ముందుగానే రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరాడు. అంత పద్ధతైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కౌంటర్‌లో ఉండే సెల్‌ఫోన్ మొదటి మోతకే ఎత్తేవాడు. ఎత్తగానే నర్సింగ్ హోమ్ పేరు చెప్పి "చెప్పండి" అనేవాడు. అవతలివాళ్ళు చెప్పింది మళ్ళీ తను ఒకసారి చెప్పి సరేనా అని అడిగేవాడు. అవతలివాళ్ళు పెట్టేదాకా తను పెట్టేవాడు కాదు. పని వేళ అయిపోయినా, తర్వాత కూర్చోవలసిన మనిషి వస్తేనే కుర్చీ దిగేవాడు.

ఆ పద్ధతి ఎక్కడిదో ఒకసారి చెప్పాడు. కార్ఖానాలో గ్యాస్ లీకైనప్పుడు, లోపల చిక్కుకున్నవాళ్ళకి బయటికి దారి చెబుతూ ఫోన్ పట్టుకునే కూర్చున్నాడట. తన గదిలోకీ గ్యాస్ వస్తోందని తెలిసినా లేవలేదట. "లైన్ వొదిలేస్తే అటుపక్క మనిసి పోయినట్టే సిస్టరమ్మా" అనేవాడు. సైరన్ మోగితే ఏ స్విచ్చీ ముట్టుకోకు, ఏదీ ఆపకు, బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యి, వాళ్ళు చాలనేదాకా లైన్ వదలకు. ఉద్యోగంలో ఉన్నంతకాలం అతనికి నేర్పింది అదే. మా కౌంటర్ ఫోన్‌ని కూడా అలాగే గుండెకి హత్తుకుని కూర్చుంటాడని మేము వేళాకోళం చేసేవాళ్ళం. కానీ కౌంటర్‌లో అతనుంటే లోపల పని చేసుకునే నాకు నిశ్చింతగా ఉండేది.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం దాటింది. మొదటి కాన్పు అమ్మాయి, మనిషి బక్కపలచన. వెంట అత్తగారు వచ్చింది, ఆవిడదీ శ్రీకాకుళం వైపే, హిందీ అంతంతమాత్రం. భర్త ట్రక్కుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు. వాళ్ళకి లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, అందుకని ఫోన్ ఇంట్లోనే వదిలి డ్యూటీకి వెళ్ళినవాడు, కబురు అందగానే అలాగే ఫ్యాక్టరీ నుంచి వచ్చేశాడు. ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. మాయ కూడా సక్రమంగానే పడింది. హమ్మయ్య అనుకుని నేను చేతులు కడుక్కోబోతుంటే డాక్టరమ్మ మెల్లగా "సిస్టర్, ఇటు రండి" అంది. ఆ మెల్లదనం ఎలాంటిదో మీకు ముందు ముందు తెలుస్తుంది. ఆవిడ కేకలేస్తే భయం లేదు, గొంతు తగ్గిస్తేనే భయం.

రక్తం ఆగడం లేదు. ఇంజెక్షన్లు ఇచ్చాం, రెండు చేతులకీ సెలైన్ పెట్టాం. డాక్టరమ్మ గర్భసంచిని రెండు చేతుల మధ్య ఒత్తి పట్టుకుంది. పెద్దాసుపత్రికి పంపుదామంటే, ఆ చేతులు తీస్తే దారిలోనే ప్రాణం పోయేలా ఉంది. ముందు రక్తం ఎక్కితేనే ఏదైనా. శాంపిల్ తీసి చీటీ రాసి భర్త చేతికిచ్చి బ్లడ్ బ్యాంకుకి పరుగెత్తించాను. ఏదన్నా సందేహం వస్తే వాళ్ళు ఫోన్ చెయ్యడానికి చీటీ మీద మా కౌంటర్ నంబరు అచ్చేసి ఉంటుంది. మేం ఇచ్చే నంబరు అదొక్కటే. లేబర్ రూములోకి సొంత ఫోన్లు తేనిచ్చేది కాదు డాక్టరమ్మ, మావన్నీ మేడ మీద బ్యాగుల్లో ఉండేవి.

అక్కణ్ణుంచి ఎదురుచూపు మొదలైంది. ఎదురుచూడటమంటే కూర్చుని చూడటం కాదు. ఒకరు బీపీ చూస్తుంటే ఒకరు గుడ్డలు మారుస్తున్నారు, ఒకరు సెలైన్ సీసాలు అందిస్తున్నారు. ఆ బాలింత పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. దాహం, దాహం అని అడుగుతోంది. ఆ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. తర్వాత అడగడం కూడా మానేసింది, అది ఇంకా నచ్చలేదు. లోపల ప్రార్థన చేసుకుంటూనే పైకి ఆ పిల్లని కసురుతున్నాను, కళ్ళు తెరువమ్మా, నిద్రపోతావేం, నీ కూతుర్ని చూడవా అని. డాక్టరమ్మ ఒత్తుతూనే ఉంది. రక్తం ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి అడక్కుండా నా మొహంలోకి చూసింది. కనుక్కుని వస్తానని నేను వసారాలోకి పరుగెత్తాను.

కౌంటర్ దగ్గర ముందుగా కనబడింది అత్తగారు. చేతులు జోడించి నిలబడి ఉంది. అన్నయ్య ఫోన్ చెవికి ఆనించుకుని, కుర్చీ అంచు మీద బిగుసుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది. హిందీలో "జీ సర్, లైన్ మీదే ఉన్నాను సర్" అంటున్నాడు. బ్లడ్ బ్యాంకుతోనే మాట్లాడుతున్నాడని ఒక్క క్షణం నాకూ ప్రాణం లేచి వచ్చింది. ఏమన్నారని అడిగాను. అతను నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

అప్పుడు వినబడింది, కంప్యూటర్ లోంచి సన్నగా సైరన్ కూత. తెరంతా ఎర్రగా ఉంది. దాని మీద ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. కంప్యూటర్ ప్రమాదంలో ఉందట, ఆపవద్దట, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యాలట. అన్నయ్య చెయ్యి మౌస్ మీద లేదు, అయినా తెర మీద బాణం దానంతట అదే తిరుగుతోంది. మా పేషెంట్ల ఫైళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్నాయి.

జరిగింది తర్వాత అతనే చెప్పాడు. ఎవరికో ఆరోగ్య కార్డు సంగతి వెతుకుతుంటే ఆ పేజీ వచ్చి తెరంతా కప్పేసింది, సైరన్ మొదలైంది. సైరన్ మోగుతోంది, ఆపవద్దంటోంది, నంబరు ఎదురుగా ఉంది. అతని చెయ్యి దానంతటదే కౌంటర్ ఫోన్ మీదికి వెళ్ళింది. అవతలివాడు మర్యాదగా మాట్లాడాడట, కంపెనీ ఇంజినీరునన్నాడట. కంప్యూటర్‌లోకి ఏదో ప్రోగ్రామ్ ఎక్కించమన్నాడు, ఇతను ఎక్కించాడు. ఇక కంప్యూటర్ వాడి చేతిలోకి పోయింది. వాడికి కావలసింది మా బ్యాంకు ఖాతా తాళం, అదే పాస్‌వర్డు. మా దగ్గర అది డాక్టరమ్మ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మేడమ్ లోపల పనిలో ఉన్నారంటే, వచ్చేదాకా లైన్ మీదే ఉండమన్నాడు. లైన్ వదిలితే పేషెంట్ల ఫైళ్ళన్నీ పోతాయన్నాడు. మధ్యలో ఫోన్‌లో బీప్ వస్తే ఎత్తవద్దన్నాడు, అది మీ కంప్యూటర్‌లో దూరిన దొంగలు చేస్తున్న ఫోన్ అని చెప్పాడు.

దొంగ ఎవరో, ఇంజినీరు ఎవరో చూడండి. ఆ బీప్‌లన్నీ బ్లడ్ బ్యాంకువి. ఆ పిల్ల గ్రూపు రక్తం ఉంది వాళ్ళ దగ్గర. పూర్తిగా పరీక్ష చేసి ఇవ్వాలంటే ఆలస్యమవుతుంది, అత్యవసరంగా ముందే ఇవ్వాలంటే డాక్టరు నోటి మాట కావాలి. ఆ ఒక్క మాట కోసం వాళ్ళు ఫోన్ మీద ఫోన్ కొడుతున్నారు. పిల్ల భర్త అక్కడి కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ చెయ్యండని బతిమాలుతున్నాడు. ఇక్కడ ఇతను ప్రతి బీప్‌కీ పళ్ళు బిగించి లైన్ కాపాడుతున్నాడు.

అప్పటికి నాకు ఇదంతా తెలియదు. తెలిసింది ఒక్కటే, ఫోన్ ఖాళీగా లేదు, లోపల పిల్ల పోతోంది. ఫోన్ పెట్టెయ్యి అన్నయ్యా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. వాడు మోసగాడన్నాను. వినలేదు. లోపల ప్రాణం మీదికొచ్చిందని అరిచాను. నా మొహం చూస్తున్నాడు, మాట మాత్రం చెవిలోకి పోవడం లేదు. ఫోన్ లాక్కోబోతే భుజం అడ్డం పెట్టి అటు తిరిగిపోయాడు. నాకు రెండింతలు ఉంటాడు మనిషి. కళ్ళు చూస్తే ఆ పాత గ్యాస్ గదిలోనే ఉన్నాడు. అరిచే మనుషుల్ని లెక్కచెయ్యకుండా లైన్ పట్టుకుని కూర్చోవడమే అతనికి తెలిసిన మంచితనం. ప్రభువా, ఈ మనిషితో ఏం చెయ్యను అనుకున్నాను.

మా ఆయన కూడా కార్ఖానా మనిషే, రోలింగ్ మిల్లులో చేసేవాడు. మా పెద్దవాడి బాప్తిస్మం రోజున చర్చిలో అందరం కూర్చుని ఉంటే, అన్నీ అయిపోయాక చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. రిలీవర్ రాలేదు, ఎలా వదిలి వస్తానన్నాడు. నేను దులిపేశాననుకోండి. అక్కడి రివాజు అది. ఇల్లు తగలబడినా, తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి చార్జి తీసుకున్నానని నోటితో అనేదాకా ఉన్నచోటు వదలరు. అన్నాడా, ఇక ఒక్క క్షణం ఉండరు. ఆ రోజు మా ఆయన మీద వచ్చిన కోపమే ఇప్పుడు అక్కరకొచ్చింది.

చీర సర్దుకుని అన్నయ్య ఎదురుగా వెళ్ళి నిటారుగా నిలబడ్డాను. అరవలేదు. కార్ఖానాలో మాట్లాడినట్టే హిందీలో అన్నాను.

"రిలీవర్ ఆ గయా. చార్జ్ దీజియే."

రిలీవర్ వచ్చింది, చార్జి ఇవ్వండి అన్న ఆ మాటకి అతని భుజాలు దిగాయి. లేచి నిలబడ్డాడు. ఫోన్ రెండు చేతులతో నాకందించి, లైన్ ఇంకా నడుస్తూనే ఉంది, అవతల ఇంజినీరు సాబ్ ఉన్నారు, వదలవద్దని ఆర్డరు అని అప్పగింతలు చెప్పాడు. చార్జి తీసుకున్నానన్నాను. అవతలివాడు హలో హలో అంటూనే ఉన్నాడు. నేను కాల్ కట్ చేసి, కంప్యూటర్ తీగ గోడలోంచి పీకేశాను. సైరన్ ఆగింది. అన్నయ్య ఆ ఆరిపోయిన తెరనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

మరుక్షణమే నా చేతిలో ఫోన్ మోగింది. బ్లడ్ బ్యాంకులో మనిషి హిందీలో నన్ను ఎడాపెడా తిట్టాడు. ఎంతసేపు చెయ్యాలి, అక్కడ మనుషులున్నారా పోయారా అన్నాడు. తిట్టించుకుంటూనే లేబర్ రూములోకి పరుగెత్తి, ఫోన్ డాక్టరమ్మ చెవికి ఆనించాను. ఆవిడ చేతులు ఆ పిల్ల మీంచి తియ్యకుండానే మాట చెప్పింది. ఇచ్చెయ్యండి, బాధ్యత నాది అంది.

బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చే దారిలో, జుగ్సలాయిలో ఆ వేళకి లారీల జామ్. ఆ పిల్ల భర్త, ఆ కుర్రాడు రక్తం ఎలా తెచ్చాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. డబ్బా నా చేతిలో పెట్టి, "ఫోన్ లగ్ హీ నహీ రహా థా సిస్టర్" అన్నాడు. ఎంత చేసినా మీ ఫోన్ కలవలేదన్నాడు, అంతే. నన్నొక మాట అని ఉంటే బాగుండేది. డబ్బా తీసుకుని లోపలికి పరుగెత్తాను. రక్తం ఎక్కింది. పొద్దు వాలేవేళకి ఆ పిల్ల పెదాలకి కాస్త రంగు వచ్చి, పాప ఏదని అడిగింది. నేను వసారాలోకి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు, మీరూ ఏడుస్తారు.

మర్నాడు అన్నయ్య మామూలు వేళకే వచ్చాడు. కానీ ఫోన్ ముట్టుకోలేదు. మోగితే వెనక్కి జరిగేవాడు. మాలో ఎవరో ఒకరం వచ్చి ఎత్తాలి. డాక్టరమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు గానీ, కౌంటర్‌కి వేరే మనిషిని చూడమని నాతో చెప్పింది. కొత్త ఆయాలు మాత్రం, అమ్మాయిలూ, మీలాగే నవ్వారు. ముసలాయన మంత్రం వేసినట్టు కూర్చున్నాడట అంటూ. నాకు నవ్వు రాలేదు. అత్యాశ ఉన్నవాణ్ణి ఆశ చూపి దోస్తారు, పిరికివాణ్ణి భయపెట్టి దోస్తారు. ఇతని దగ్గర ఆ రెండూ దొరకలేదు, క్రమశిక్షణ దొరికింది. రేపు మీ దగ్గర మీ మంచి అలవాటు ఏది దొరికితే దాన్నే పట్టుకుంటారు. నా దగ్గరైతే నోటి దురుసు తప్ప ఏమీ దొరికేది కాదేమో.

ఆ పిల్లని ఇంటికి పంపే రోజు వచ్చింది. భర్త ఆటో పిలవడానికి వెళ్ళాడు. అత్తగారు మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మకి ఇవ్వలేదు, నాకివ్వలేదు. మూత తీసి ముందు అన్నయ్య ముందు పెట్టింది. ఆ రోజు తన కళ్ళతో చూసిందిగా. రక్తం కోసం ఈయన చెమటలు కక్కుతూ ఎవరితోనో పోట్లాడుతున్నాడనుకుంది, నా అరుపులూ ఆ అవతలివాణ్ణి తిడుతున్నవే అనుకుంది. తను ఏదో అడగబోతే ఈయన చెయ్యెత్తి ఆగమన్నాడు, మాట్లాడిస్తే పని చెడుతుందని నోరెత్తకుండా దణ్ణం పెట్టుకుని నిలబడింది.

ఊరుకో అన్నయ్యా, తీసుకుని ఊరుకో అని కళ్ళతో చెప్పాను. అతను నా వైపు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"నాకొద్దమ్మా. ఆరోజు నాను రకతం కోసం మాటాడలేదు. ఎవడో దొంగోడితో మాటాడేను. మీ కోడలి కోసం వచ్చిన ఫోన్లన్నీ నానే ఆపేసేను."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. ఏటి, ఏటి అంది. అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి సైరన్ దగ్గర్నుంచి బీప్‌ల దాకా అంతా, ఏదీ దాచుకోకుండా. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను చూశాను. డబ్బా మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నువ్వు సెయ్యెత్తి ఆగమంటే ఆగేను కదా బావూ," అంది. "నా కోడలు పోతే ఏటి సేద్దును?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అన్నయ్య వెనక్కి జరిగి గోడకి తగిలాడు. నేను అలవాటుగా చెయ్యి చాచాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎత్తు," అంది అతనితో. "అటుపక్క ఎవులికి ఏటయ్యిందో. అది అలగ మోగుతుంటే నాను సూడలేను. ఎత్తు బావూ."

అతను ఆవిడ వంకే చూస్తూ ఫోన్ ఎత్తాడు. నర్సింగ్ హోమ్ పేరు చెప్పాడు. "చెప్పండి" అన్నాడు. ఎవరో డాక్టరమ్మ ఎప్పుడుంటారని అడిగినట్టున్నారు. చెప్పాడు. చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్పి సరేనా అని అడిగాడు. అవతలివాళ్ళు పెట్టాక తనూ పెట్టాడు.

బయట ఆటో హారన్ కొడుతోంది. ఆవిడ అంతవరకూ కదల్లేదు. అతను చెయ్యి ఫోన్ మీంచి తీశాక, డబ్బా అతని ముందుకి జరిపి, "ఇప్పుడు తిను" అంది.